ముక్కు మీది బ్లాక్‌హెడ్స్‌కి ఏది వాడాలి: సాలిసిలిక్ యాసిడా, అడాపలీనా, పార్లర్ క్లీనప్పా?

బ్లాక్‌హెడ్స్ పోవాలని దుకాణానికి వెళ్తే అర నిండా ఫేస్‌వాష్‌లు, సీరమ్‌లు, స్క్రబ్‌లు, బొగ్గు మాస్కులు, ముక్కుకి అంటించే పట్టీలు. మందుల షాపులో అయితే వీటికి తోడు జెల్లులు. అన్నిటి మీదా 'బ్లాక్‌హెడ్స్ పోతాయి' అని ఒకటే మాట రాసి ఉంటుంది. వాటిలో కొన్ని చర్మ రంధ్రంలో ఇప్పటికే ఉన్న బిరడాను పీకేస్తాయి, కొన్ని కొత్త బిరడా పడకుండా చూస్తాయి. పీకేవాటికి లెక్కలేదు. పడకుండా చూసేవి మాత్రం రెండు మూడే. ఈ తేడా తెలియక పట్టీల మీద, క్లీనప్‌ల మీద నెలనెలా డబ్బు పోసేవాళ్ళే ఎక్కువ.

ముందు, అది బ్లాక్‌హెడ్డేనా?

చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. కుదురు గోడల నుంచి రాలే మృతకణాలు సరిగ్గా బయటికి పోకుండా ఆ జిడ్డుతో కలిసి గట్టిపడితే బిరడా పడుతుంది. దాని మూతి మూసుకుని ఉంటే వైట్‌హెడ్, తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్. మూతి దగ్గర కనిపించే నలుపు మురికి కాదు. ఆ కణాల్లోని మెలనిన్ అనే రంగు పదార్థానిదీ, గాలి తగిలి రంగు మారిన కొవ్వుదీ ఆ రంగు. కాబట్టి ఎంత రుద్ది కడిగినా పోదు. రోజుకి ఐదుసార్లు ముఖం కడిగేవాళ్ళ ముక్కు మీద కూడా బ్లాక్‌హెడ్స్ ఉండటానికి కారణం ఇదే.

ముక్కు మీద సమానమైన ఎడంతో, బూడిద రంగులో, చర్మంతో సమంగా పరుచుకున్న సన్నని చుక్కలు మాత్రం చాలావరకు బ్లాక్‌హెడ్స్ కావు. వాటిని సెబేషియస్ ఫిలమెంట్లు అంటారు. జిడ్డు బయటికి వచ్చే దారిలో ఉండే మామూలు పొరలవి, అందరికీ ఉంటాయి. నొక్కితే సన్నని సేమ్యా పోగులా తెల్లటి పదార్థం వస్తుంది, కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతుంది. అసలైన బ్లాక్‌హెడ్ ఒక్కోటి విడిగా, కాస్త పెద్దగా, వేలికి తగిలేలా ఉంటుంది. తీస్తే పైన నల్లగా, కింద పసుప్పచ్చగా గట్టి ముక్క వస్తుంది. ఫిలమెంట్లను చిన్నగా కనిపించేలా చేయగలం గానీ పూర్తిగా పోగొట్టలేం. పట్టీ పీకాక దాని మీద కనిపించే ముళ్ళ తోట చూసి మురిసిపోయేవాళ్ళు పీకింది చాలావరకు వీటినే.

ఏ లెక్కన ఎంచుకోవాలి

నాలుగు విషయాలు చూడాలి. ఆ వస్తువు కుదురు లోపలికి దిగుతుందా, పైపైనే ఉండిపోతుందా? ఫలితం ఎన్నాళ్ళకి కనిపిస్తుంది, మానేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది? మూడోది మనవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యం: నల్ల మచ్చ పడే ప్రమాదం ఎంత? చామనఛాయ చర్మం చిన్న మంటకీ గాయానికీ కూడా మెలనిన్ ఎక్కువగా వదులుతుంది. బ్లాక్‌హెడ్ పోయినా దాని చోట గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. అలాంటప్పుడు బ్లాక్‌హెడ్డే నయం. ఇక నాలుగోది, మీరు రోజూ చేయగలరా అన్నది.

| మార్గం | ఎక్కడ పనిచేస్తుంది | తేడా తెలిసేది | మచ్చ పడే ప్రమాదం | కొత్తవి ఆపుతుందా |
|---|---|---|---|---|
| సాలిసిలిక్ యాసిడ్ 2% (రాసి వదిలేసేది) | కుదురు లోపల | 4–6 వారాలు | తక్కువ | కొంతవరకు |
| అడాపలీన్ 0.1% జెల్ | కుదురు గోడల్లో | 8–12 వారాలు | మొదట్లో మంట పుట్టిస్తే ఉంది | బాగా |
| అజెలాయిక్ యాసిడ్ 10–20% | కుదురు లోపల, మెల్లగా | 12 వారాలు | తక్కువ, పాత మచ్చల్నీ తగ్గిస్తుంది | కొంతవరకు |
| ముల్తానీ మట్టి, ఇతర మట్టి మాస్కులు | పైన | అదే రోజు | ఎండగట్టకపోతే తక్కువ | లేదు |
| ముక్కు పట్టీలు | బిరడా పై భాగం | అదే నిమిషం | మధ్యస్థం | లేదు |
| పార్లర్ క్లీనప్ | బిరడా | అదే రోజు | చేసేవాళ్ళ చేతిని బట్టి, తరచూ ఎక్కువే | లేదు |
| స్కిన్ డాక్టర్ దగ్గర తీయించడం | బిరడా మొత్తం | అదే రోజు | తక్కువ | లేదు |

చివరి గడిలో 'లేదు' అన్నవాటిని అసలు వైద్యంగా లెక్కపెట్టకండి. అవి తోడు పనులు మాత్రమే.

సాలిసిలిక్ యాసిడ్

చర్మానికి వాడే ఆమ్లాల్లో దీని ప్రత్యేకత నూనెలో కరగడం. గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్‌లు నీటిలో కరుగుతాయి, అందుకే అవి చర్మం పైపొర మీదే ఎక్కువగా పనిచేస్తాయి. సాలిసిలిక్ మాత్రం జిడ్డులోంచి కుదురులోకి దిగి, మృతకణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాల్ని వదులు చేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది శాతం ఒక్కటే కాదు, రూపం కూడా. 2% ఫేస్‌వాష్ ముఖం మీద ఉండేది నిమిషం లోపే, కడిగేస్తే దాంతోపాటే మందూ పోతుంది. అదే 2% సీరమ్ రాత్రంతా ఉంటుంది. ఒకటే కొనగలిగితే సీరమ్ కొనండి, కడుక్కోవడానికి ఏ మెత్తటి ఫేస్‌వాష్ అయినా సరిపోతుంది.

మొదటి రెండు వారాలు వారానికి మూడు రాత్రులు. ముఖం కడిగి, తుడిచి, ఆరాక మూడు నాలుగు చుక్కలు ముక్కు, గడ్డం, నుదుటి మీద మాత్రమే. బుగ్గల మీద బ్లాక్‌హెడ్స్ లేకపోతే అక్కడ రాయడం దండగ, పైగా పొడిబారుతుంది. పది నిమిషాలాగి మాయిశ్చరైజర్. చర్మం పొట్టు లేవకుండా తట్టుకుంటే రోజు మార్చి రోజుకి పెంచండి. చాలామందికి అంతకు మించి అక్కర్లేదు.

చెడేది ఎక్కడంటే, రెండో వారానికే విసిగిపోయి దీని మీద స్క్రబ్, ఆ మీద గ్లైకాలిక్ టోనర్ కలిపేస్తారు. చర్మం పైనున్న కాపు పొర దెబ్బతిని ముఖం బిగుసుకుపోయి, నీళ్ళు తగిలినా మండుతుంది. అలా మండితే అన్నీ ఆపేసి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే రెండు వారాలు వాడి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆస్పిరిన్ పడనివాళ్ళు డాక్టర్ని అడగకుండా సాలిసిలిక్ జోలికి పోవద్దు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి.

అడాపలీన్

ఇది రెటినాయిడ్, అంటే విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు. సాలిసిలిక్ పడిన బిరడాను కరిగిస్తే, ఇది కుదురు గోడల కణాలు రాలే తీరునే సరిచేస్తుంది. కంటికి కనిపించే బ్లాక్‌హెడ్‌కి చాలా వారాల ముందే లోపల కంటికి కనిపించని చిన్న బిరడా మొదలవుతుంది. అడాపలీన్ పట్టుకునేది అక్కడ. నుదురు, బుగ్గలు, గడ్డం అన్నిచోట్లా బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, మధ్యమధ్యలో మొటిమలు ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే. ముక్కు మీద నాలుగు చుక్కలకి మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి 0.1% జెల్ 2016 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. ఇక్కడ మాత్రం డాక్టర్ చీటీ మీద తీసుకోండి. చీటీ లేకుండా అడిగితే షాపువాళ్ళు చాలాసార్లు అడాపలీన్, క్లిండమైసిన్ కలిసిన జెల్ చేతిలో పెడతారు. క్లిండమైసిన్ యాంటిబయోటిక్. చీము పట్టిన మొటిమలకి దానితో పనుంది గానీ ఉత్త బ్లాక్‌హెడ్స్‌కి లేదు. అనవసరంగా నెలల తరబడి రాస్తే మొటిమల బ్యాక్టీరియా మందుకి లొంగకుండా తయారవుతుంది. ట్యూబు మీద అడాపలీన్ 0.1% ఒక్కటే ఉందో లేదో చదివి తీసుకోండి.

రాసే పద్ధతి:

1. రాత్రి ముఖం కడిగి, తుడుచుకుని, ఇరవై నిమిషాలు పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద రాస్తే మంట ఎక్కువ.
2. పెదవుల మూలలు, ముక్కు పక్కల మడతలు, కళ్ళ మూలల్లో కొంచెం వాజలిన్. మందు జారి చేరేది ఈ చోట్లకే.
3. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత జెల్. ఐదు చోట్ల చుక్కలుగా పెట్టి పరచాలి. ఒక్కో బ్లాక్‌హెడ్ మీదా విడిగా పెట్టే మందు కాదిది. రేపు రాబోయేది ఎక్కడో మనకి తెలియదు కదా.
4. పైన మాయిశ్చరైజర్. పొడి చర్మమైతే ముందొకసారి, తర్వాతొకసారి.
5. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆపై ప్రతి రాత్రి.

మోతాదు సరిగ్గా ఉందో లేదో ట్యూబే చెబుతుంది. బఠాణీ గింజంత అంటే దాదాపు 0.3 గ్రాములు. ప్రతి రాత్రి రాస్తే 15 గ్రాముల ట్యూబు 50 రోజులు రావాలి. మూడు వారాలకే అయిపోతే పూతలా పూస్తున్నారన్నమాట, ముఖం ఎర్రబడటం దానివల్లే. ఆరు నెలలైనా అయిపోకపోతే మీరు రాయట్లేదు.

రెండో వారం నుంచి ఆరో వారం మధ్యలో కొందరికి మొటిమలు పెరిగినట్టు కనిపిస్తుంది. లోపలున్నవి తొందరగా పైకి రావడం అది. ట్యూబు చెత్తబుట్టలో పడేది సరిగ్గా ఇక్కడే. పన్నెండు వారాలు పూర్తికాకుండా తీర్పు చెప్పకండి. అదే సమయంలో దురద, వాపు, నీరు కారడం ఉంటే అది ఎలర్జీ కావచ్చు, ఆపేయాల్సిందే. మంట మాత్రమే ఎక్కువగా ఉంటే అరగంట ఉంచి కడిగేయడంతో మొదలుపెట్టి మెల్లగా సమయం పెంచవచ్చు.

గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు వాడకూడదు. వాక్సింగ్ చేయించుకునేవాళ్ళు వారం ముందే ఆపాలి, లేకపోతే మైనంతోపాటు చర్మమూ లేచి వస్తుంది.

ట్రెటినాయిన్ కూడా ఇదే పని చేస్తుంది, ముడతల మీద దానిదే పైచేయి. కానీ వెలుతురికి చెడిపోతుంది, మంటా ఎక్కువే. బ్లాక్‌హెడ్స్ వరకే అయితే అడాపలీన్‌తో మొదలుపెట్టడం తెలివైన పని.

అజెలాయిక్ యాసిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్

అజెలాయిక్‌ది నత్తనడక. కానీ రెండు సందర్భాల్లో దానికి పోటీ లేదు: గర్భిణులకి, బ్లాక్‌హెడ్స్‌తోపాటు పాత మొటిమల మచ్చలు కూడా ఉన్నవాళ్ళకి. మొదటి రోజుల్లో చీమలు పాకినట్టు చురచుర ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ ఎర్రటి మొటిమల మందు. ఉత్త బ్లాక్‌హెడ్స్‌కి మొదటి ఎంపిక కాదు, పైగా దిండు గలీబులు, తువ్వాళ్ళు రంగు పోయి తెల్లబడతాయి.

తీసేసే పద్ధతులు

ముందు ఒక అపోహ. చర్మ రంధ్రాలకి తలుపులుండవు. ఆవిరి పడితే తెరుచుకోవు, ఐస్ పెడితే మూసుకోవు. ఆవిరి చేసేదల్లా బిరడాను మెత్తబరచడం.

పట్టీలు బిరడా పై ముక్కను మాత్రమే లాగుతాయి, వేరు లోపలే ఉంటుంది. ఫంక్షన్ రోజు పొద్దున ముక్కు నున్నగా కనిపించాలంటే సరే. అడాపలీన్ వాడుతున్న చర్మం మీద మాత్రం వద్దే వద్దు. జిగురుతో ఆరి ఊడివచ్చే బొగ్గు మాస్కులు ఇంకా అధ్వాన్నం, బిరడాల కంటే నూగు వెంట్రుకల్నే ఎక్కువగా పీకుతాయి. పీల్చే మిషన్లు ఒక్క క్షణం ఎక్కువ ఆగితే కమిలిన గుండ్రటి మచ్చ పెడతాయి.

పార్లర్ క్లీనప్ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. స్క్రబ్, ఆవిరి, ఆపై లూప్ పిన్నుతో నొక్కడం, ఇదే వరుస. చేయి తిరిగిన మనిషి అయితే నల్లగా పైకి తేలిన బిరడాలు సులువుగా వస్తాయి. మొదటి నొక్కుకి రానిదాన్ని రెండోసారి, మూడోసారి బలంగా నొక్కడం దగ్గరే గొడవ మొదలవుతుంది. కుదురు గోడ లోపల పగిలి, మర్నాటికి అక్కడే ఎర్రటి మొటిమ, నెలకి నల్ల మచ్చ. వెళ్ళేదే అయితే మూడు అడగండి: పిన్ను మరిగించారా, స్పిరిట్‌తో తుడిచారా, రానిదాన్ని వదిలేస్తారా? మూడోదానికి 'అన్నీ తీసేస్తాం మేడమ్' అని జవాబొస్తే లేచి వచ్చేయండి.

స్కిన్ డాక్టర్లు సాధారణంగా రెటినాయిడ్ కొన్ని వారాలు వాడించి, బిరడాలు వదులయ్యాక తీస్తారు. ఆ వరుసలో చేస్తే నొక్కే అవసరమే తగ్గిపోతుంది. క్లినిక్‌లో చేసే సాలిసిలిక్ పీల్ (చర్మం పైపొరను ఊడదీసే గాఢమైన పూత) 20–30% ఉంటుంది. ఇంట్లో తెప్పించుకుని చేసుకునే సరుకు కాదది.

వంటింటి చిట్కాలు

ముల్తానీ మట్టి మంచిదే, జిడ్డు పీల్చుకుంటుంది. వారానికి ఒకసారి, పది నిమిషాలు, బీటలు వారకముందే కడిగేయాలి. సున్నిపిండి ఒళ్ళు రుద్దుకోవడానికి బాగుంటుంది. ముక్కు మీద గరగరా రుద్దితే మాత్రం గీతలే మిగులుతాయి.

నిమ్మరసం వద్దు. దాని పీహెచ్ 2 దగ్గర, చర్మానిది 5 దగ్గర. రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, ఆ తర్వాత మాడిన మచ్చ పడవచ్చు. వంటసోడా దీనికి తలకిందులు, క్షారం. టూత్‌పేస్ట్ పళ్ళకి.

కొబ్బరినూనె సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. బ్లాక్‌హెడ్స్ నుదుటి మీద, జుట్టు మొదలయ్యే గీత వెంబడి, కణతల దగ్గరే ఎక్కువగా ఉంటే కారణం ముఖంలో కాదు, తలలో ఉంది. రాత్రి తలకి నూనె పట్టించి పడుకుంటే అది నుదుటి మీదికీ, దిండు మీదికీ, అక్కణ్ణించి బుగ్గ మీదికీ పాకుతుంది. అలాంటివాళ్ళు ఎన్ని సీరమ్‌లు రాసినా ఫలితం సగమే. నూనె మానక్కర్లేదు. తలంటుకి గంట ముందు పెట్టుకుని, తలంటుకున్నాక నుదుటిని ఫేస్‌వాష్‌తో కడిగి, గలీబు మారిస్తే చాలు.

ఎవరికి ఏది

హాస్టల్లో ఉండే, జిడ్డు ముఖం ఉన్న పదిహేడేళ్ళవాళ్ళకి: సాలిసిలిక్ సీరమ్, మెత్తటి ఫేస్‌వాష్, జెల్ సన్‌స్క్రీన్. మూడు వస్తువులే. పన్నెండు వారాలకి తగ్గకపోతే అడాపలీన్ కోసం డాక్టర్ దగ్గరికి.

విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో జెల్ రూపాలు నయం, క్రీములు చెమటతో కలిసి జిడ్డెక్కుతాయి. ఆదిలాబాద్ వైపు చలికాలంలో అదే జెల్ ముఖాన్ని పగలగొడుతుంది. అక్కడ సీరమ్ రాత్రులు తగ్గించి మాయిశ్చరైజర్ పెంచాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండి సబ్బు నురగ రాని ఇళ్ళలో సబ్బు తెట్టు చర్మం మీద మిగిలిపోతుంది. సబ్బు కాని ఫేస్‌వాష్‌కి మారితే ఆ చిక్కు తీరుతుంది.

పెళ్ళి మూడు నెలల్లో ఉంటే అడాపలీన్ ఇవాళే మొదలుపెట్టాలి. నెల రోజులే ఉంటే మొదలుపెట్టకండి, పొట్టు లేచే వారం సరిగ్గా ముహూర్తానికి వస్తుంది. అప్పుడు సాలిసిలిక్, పది రోజుల ముందు డాక్టర్ దగ్గర ఒకసారి తీయించుకోవడం, అంతే. నలుగు పెట్టే రోజున మీరు అడాపలీన్ మీదుంటే ముఖానికి తగలకుండా ఒంటికి మాత్రమే పెట్టమనండి. పెద్దవాళ్ళు ఏమీ అనుకోరు.

దశాబ్దాలుగా పొలంలో ఎండకి పనిచేసిన పెద్దవాళ్ళకి, అందులోనూ పొగతాగే అలవాటుంటే, కళ్ళ పక్కన, కణతల మీద పెద్ద పెద్ద బ్లాక్‌హెడ్స్ గుంపులుగా వస్తాయి. దీనికి ఫావ్ర్-రాకూషో అని వైద్యంలో వేరే పేరుంది. పట్టీలు, ఫేస్‌వాష్‌లు దీన్ని కదిలించలేవు. డాక్టర్ రెటినాయిడ్ రాసి, విడతలవారీగా తీస్తారు. ఎండ, పొగ తగ్గకపోతే మళ్ళీ వస్తాయి.

ఏది ఎంచుకున్నా తప్పనివి

పొద్దున: నీళ్ళతోనో మెత్తటి ఫేస్‌వాష్‌తోనో కడగడం, తేలికపాటి మాయిశ్చరైజర్, ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. ముఖం, మెడలకి కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత. ఆమ్లాలు, రెటినాయిడ్‌లు వాడే చర్మం ఎండకి తొందరగా కందుతుంది, కందితే మచ్చ. సాయంత్రం సన్‌స్క్రీన్, మేకప్ పూర్తిగా వదిలేలా కడగాలి, అవి రాత్రంతా ఉంటే కుదురుల్లో పేరుకుంటాయి. సాలిసిలిక్, అడాపలీన్ రెండూ కావాలనుకుంటే మొదటి మూడు నెలలూ వద్దు, ఆపైన వేర్వేరు రాత్రుల్లో.

తగ్గాక ఒక్కసారిగా ఆపేయడం ఇంకో పొరపాటు. గ్రంథి జిడ్డు తీయడం ఆపదు, కుదురు తన పాత అలవాటుకి మళ్ళుతుంది. వారానికి రెండు మూడు రాత్రులకి తగ్గించి కొనసాగించాలి.

ఇక 'తెల్లబడే క్రీము'ల సంగతి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ కలిసిన ట్యూబులు బ్లాక్‌హెడ్స్‌కీ మచ్చలకీ మంచివని చేతులు మారుతుంటాయి. మొమెటాసోన్ స్టిరాయిడ్. మొదటి రెండు వారాలు ముఖం అద్దంలా మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, స్టిరాయిడ్ మొటిమలు గుత్తులుగా వస్తాయి. మానేస్తే మంట, రాస్తే ఉపశమనం, అలా వ్యసనంలా పట్టుకుంటుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ పూతమందుల్ని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది, అయినా కౌంటర్ మీద దొరకడం ఆగలేదు. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపకుండా డాక్టర్ని కలవండి. వెళ్ళేటప్పుడు ఇంతవరకు ముఖానికి రాసిన ట్యూబులన్నీ, సగం పిండినవీ పేరు చెరిగిపోయినవీ సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. 'ఏదో క్రీమ్ రాశానండీ' అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు, ట్యూబు వెనక సన్నక్షరాల్లో మొమెటాసోన్‌లా 'సోన్' అని ముగిసే స్టిరాయిడ్ పేరు కనిపిస్తే వైద్యమే మారిపోతుంది.